బీరువాలోని చెవి మిషన్లు

మా అమ్మాయి చదివిన బడిలో చెవి మిషన్లు ఏడాదంతా బీరువాలో ఉండేవి. తనిఖీ రోజున మాత్రం పిల్లల మెడల్లోకి వచ్చేవి. విజయవాడలో ప్రభుత్వ గ్రాంటుతో నడిచే బధిరుల బడి అది. మిషన్లు కూడా ప్రభుత్వం ఇచ్చినవే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె ఛాతీ మీద వేలాడుతుంది, దాన్నుంచి ఒక తీగ చెవి దాకా వెళుతుంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. మధ్యాహ్నం పని లేనప్పుడు శాఖా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. పదో తరగతి దాటని నేను చెవి గురించి తెలుసుకున్నదంతా అక్కడి బల్లల దగ్గరే. మిషన్ తగిలించినంత మాత్రాన మాట అర్థం కాదనీ, ఏ చప్పుడు దేనిదో చిన్నప్పుడే అలవాటు కావాలనీ, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమనీ చదివాను. అమ్మాయికి అప్పటికే ఏడేళ్లు. ఆ బీరువాను చూస్తే ఒళ్లు మండేది.

హెడ్మాస్టారిని అడిగాను. ఆయన చెడ్డవారు కాదు.

"ఇంటికిస్తే పగలగొడతారమ్మా. కిందటి ఆడిట్‌లో పగిలినవి కనబడితే నా జీతంలో కోశారు."

"మరి పిల్లలకిచ్చింది ఎందుకండీ?"

"పిల్లలకివ్వలేదు, బడికిచ్చారు. స్టాకు అది. అడిగిన రోజున లెక్కకు రావాలి."

గ్రంథాలయంలో వికలాంగుల చట్టం తెలుగులో దొరికితే కూర్చుని అంతా చదివాను. ఉచితంగా చదువు చెప్పాలనీ, పరికరాలివ్వాలనీ ఉంది. ఇచ్చిన పరికరం బడి వదిలాక ఎక్కడుండాలో లేదు. ఉయ్యూరు మీదుగా బస్సులో బందరు వెళ్లి అక్కడి జిల్లా వికలాంగుల సంక్షేమ ఆఫీసులో అడిగితే, బడివాళ్లనే అడగమన్నారు.

బడి గేటు దగ్గర ఇంకో తల్లి నవ్వింది. "నువ్వు చదివిన పుస్తకాలకి పాపం మాస్టారి ఉద్యోగం ఊడేట్టుందక్కా."

"ఊడదులే. మీ వాడికీ ఇప్పిస్తా, ఉండు" అన్నాను.

ఆ ఏడాది తనిఖీకి తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. పిల్లలందరి మెడల్లో మిషన్లు, వాటిలో కొత్త సెల్స్. వచ్చిన అధికారి మా అమ్మాయి వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. అది తిరిగి చూడలేదు. ఛాతీ మీది తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆయన మళ్లీ గట్టిగా కొట్టారు.

"ఈ మిషన్ పని చెయ్యట్లేదా?"

మాస్టారి ముఖం పాలిపోయింది. ఆ మాట కాగితం మీద పడితే గ్రాంటుకే ఎసరు. నేను లేచాను.

"పని చేస్తోందండీ. కావాలంటే మీరు పెట్టుకుని చూడండి."

ఆయన నిజంగానే పెట్టుకున్నారు. బయట రిక్షా బెల్లు కూడా వినిపిస్తోందన్నారు. "మరి పాప తిరగదేం?"

"చప్పుడంటే ఏమిటో దానికి తెలీదండీ. తనిఖీ రోజున తప్ప పెట్టరు. మాస్టారి తప్పు కాదు, పగిలితే ఆయన కట్టుకోవాలి కదండీ."

"ఇంటికిస్తే పూచీ ఎవరిదమ్మా?"

"నేను సంతకం పెడతానండీ. రోజూ మెడలో వేసుకునే బడికొస్తుంది. మీ స్టాకు రోజూ కళ్ల ముందే ఉంటుంది."

 ఆయన రిపోర్టులో రాసి, పైకి చదివారు. తల్లిదండ్రుల సంతకం తీసుకుని మిషన్లు ఇంటికి పంపాలి, వాడకంలో చెడితే ఎవరి జీతంలోనూ కోయకూడదు. మాస్టారు ఆ రెండో సగం ఇంకోసారి చదివించుకున్నారు. సాయంత్రం మిషన్లను తిరిగి బీరువాలో పెట్టబోతున్న ఆయాను ఆయనే ఆపారు.

ఇంటికి వెళుతుంటే బెంజ్ సర్కిల్ దగ్గర మా బస్సు పక్కనే లారీ హారన్ కొట్టింది. అమ్మాయి గావుకేక పెట్టి చెవిలోది పీకి పారేసింది. తీగ ఉంది కాబట్టి కింద పడలేదు. బస్సంతా మా వైపు చూసింది.

"ఏడుస్తోంది కదమ్మా, తీసి సంచీలో పెట్టెయ్" అంది పక్క సీటావిడ.

దాని కళ్లు తుడిచి, సౌండు తగ్గించి మళ్లీ పెట్టాను. మళ్లీ పీకింది. ఇంకాస్త తగ్గించి మళ్లీ పెట్టాను.