బెళ్ళందూరు నీళ్లలో ‘అప్పా’

ఉదయం 5:40కి మా లారీ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆగింది. ముందుకు రోడ్డు లేదు, నీళ్లే. పదిహేడేళ్ల సైన్యం సర్వీసులో మంచులో దిగాను, ఇసుకలో దిగాను. మా దొడ్డబళ్ళాపురానికి గంటన్నర దూరంలో, ఎండాకాలం ట్యాంకరు కోసం కొట్లాడుకునే బెంగళూరులో, రబ్బరు పడవ వేసుకుని దిగుతానని కలలో కూడా అనుకోలేదు.

రెండు రోజులుగా ఎడతెగని వాన. బెళ్ళందూరు చెరువు పొంగి అపార్టుమెంట్ల మధ్యకు వచ్చింది. వీధుల్లో నడుముదాకా, బేస్‌మెంట్ దారుల దగ్గర రెండు నిలువుల లోతు. పైన తెల్లటి నురగ, కింద గుర్రపుడెక్క. మా దగ్గర ఒక పడవ, ఒక మోటారు, నాలుగు తెడ్లు, పన్నెండు లైఫ్ జాకెట్లు, ఒక స్ట్రెచర్, ఒక రేడియో సెట్టు. సుబేదార్ సాబ్ ఇచ్చిన ఆర్డరు చిన్నది. రోగులు, గర్భిణులు, ముసలివాళ్లు ముందు. సామాన్లు వద్దు.

మొదటి బాల్కనీలోంచే ఒకాయన ముందు తన ఆఫీసు లాప్‌టాప్‌ని తీసుకెళ్లమన్నాడు. "దానికి జలుబు చేసిందా సార్?" అని మా పడవ డ్రైవర్ చాలా మర్యాదగా అడిగాడు.

మేం నలుగురం. హవల్దారుగా నేను నాయకుణ్ణి. పడవ డ్రైవర్ మదురై మనిషి. రేడియో ఆపరేటర్‌ది లద్దాఖ్. నర్సింగ్ అసిస్టెంట్‌ది శ్రీకాకుళం. మాలో మేం మాట్లాడుకునేది హిందీ. కానీ ఊరి గాలి తగిలితే నోరు ఆగుతుందా? మొదటి గంటలోనే డ్రైవర్‌తో, "ఏమప్పా, ఆ తాడు పట్టు" అనేశాను.

అతను మోటారు ఆపి నా వైపు తిరిగాడు. "నాకు ముప్పై రెండేళ్లు సాబ్. మీకు నేను అప్పనా? మా తమిళంలో కన్నతండ్రినే అలా అంటాం."

మా ఇంటి తెలుగులో తండ్రి నాయన అని చెప్పాను. అప్పా అంటే మిగతా మగవాళ్లంతా. కండక్టరూ అప్పే, కూరగాయలాయనా అప్పే, అల్లుడూ అప్పే. మా చుట్టూ ఉన్న కన్నడంవాళ్లకు తండ్రీ అప్పే, మర్యాద కోసం పేరు చివర తగిలించేదీ అప్పే.

నర్సింగ్ అసిస్టెంట్ నవ్వాడు. "మావైపు అప్పంటే అక్క. పొద్దుట్నించి ఈ ఊరోళ్లు నన్ను అప్పా అప్పా అంతంటే మీసం ఉందో లేదో తడుముకుంతన్నాను."

రేడియో ఆపరేటర్ తక్కువ మాట్లాడేవాడు. "మా దగ్గర అబా" అన్నాడు. "నాన్న."

డ్రైవర్ ఇదివరకు విదేశంలో శాంతి దళంలో పనిచేసి వచ్చాడు. అక్కడి అరబ్బు ఊళ్లలో తండ్రిని అబ్ అంటారట. పక్క క్యాంపులో కొరియా సైనికుడు రోజూ ఫోన్‌లో కూతురితో మాట్లాడేవాడట. ఆ పాప అటునుంచి అచ్చంగా "అప్పా" అనేదట. "తమిళ పిల్లేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాను సాబ్."

నీళ్లలో పనిచేసేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. నిమిషానికోసారి నాయకుడు ఒక మాట అరుస్తాడు. ప్రతి ఒక్కరూ "ఉన్నా" అనాలి. గోడల చాటున, నురగలో ఎవరూ తప్పిపోకుండా చూసుకునే ఏర్పాటు అది. ఆ రోజు పిలుపు మాట ఏం పెట్టుకుందామంటే నలుగురం ఒకేసారి అదే అన్నాం. అలా అప్పా మా పిలుపు అయింది.

రెండో రోజు ఆక్సిజన్ సిలిండరుతో ఒక రిటైర్డ్ కన్నడ టీచరమ్మను పడవలో ఎక్కించాం. మా అరుపులు విని ఆవిడ సంగతేమిటని అడిగింది. కొరియా పాపతో సహా అంతా చెప్పాం. ముక్కుకు గొట్టం ఉన్నా పాఠం ఆపలేదు. "మన దక్షిణాది భాషలవి ఒకే ఇంటివి. కొరియాది బహుశా దానంతటదే పుట్టుంటుంది. పసిబిడ్డ పెదాలు కలిపి తెరిస్తే వచ్చే మొదటి చప్పుళ్లే ఇవన్నీ. ఆ చప్పుడు నన్నే పిలిచిందని ప్రతి ఇంట్లో ఒకరు మురిసిపోతారు. నాన్న మురిస్తే నాన్న, అక్క మురిస్తే అక్క." నాకా మాట నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం 2:10కి రేడియో పలికింది. "చెరువు వైపు సగం కట్టిన టవర్. నాలుగో అంతస్తులో కూలీలు. ఒకరికి పాము కాటు."

2:35కి చేరాం. గుర్రపుడెక్క చుట్టుకుని మోటారు అప్పటికే మొరాయించింది. పడవ గాలిగదుల్లో ఒకటి మెత్తబడింది. మోయగలిగేది ఐదుగురిని, అంటే మా నలుగురితో పాటు ఒక్కరినే. రెయిలింగు లేని మెట్లెక్కి వెళ్లాం. పైన ముప్పైమంది దాకా ఉన్నారు. మధ్యలో సిమెంటు సంచుల మీద నరసింహులు. తాపీ పనివాడు, కదిరి వైపు మనిషి. ఒంటిగంటకు నాగుపాము కరిచింది. కనురెప్పలు అప్పుడే వాలుతున్నాయి. నర్సింగ్ అసిస్టెంట్ కాలికి చెక్క కట్టాడు. నా చెవిలో, "టైం లేదు" అన్నాడు.

అతని భార్య లక్ష్మీదేవి స్ట్రెచర్ కర్ర పట్టుకుని వదల్లేదు. నెత్తిన పసుపు రంగు హెల్మెట్, చంకలో ఐదు నెలల బిడ్డ. మూలన లేవలేని అత్త.

"పోయిన వానకి మమ్మల్ని ఒక కాడ, మొగోళ్లని ఒక కాడ దింపినారు. రెండు దినాలు కండ్లు కాయలు కాసినాయి. ఇప్పుడు ఆయప్ప బతికుండాడో లేదో నాకెవురు చెప్తారు? ఫోన్లు చచ్చిపోయి మూడు దినాలాయె."

నేను ఆమె తెలుగులోకే దిగాను. "నేను చెప్తానమ్మా. పడవలోంచి నిమిషానికోసారి పిలుస్తా. మీ ఆయప్ప పలుకుతాడు. నువ్వు విను."

"ఇనపడింది అని నీకెట్ల తెలుస్తాదప్పా?"

మా నాయన మగ్గాల షెడ్డు గుర్తొచ్చింది. దొడ్డబళ్ళాపురంలో పవర్‌లూమ్ షెడ్లలో పక్కమనిషి మాట వినబడదు. పేరు పెట్టి పిలిస్తే జవాబు నోటితో రాదు. ఆ చప్పుడులో చెయ్యి ఒకటి పైకి లేస్తుంది. ఉన్నాను, విన్నాను అని దానర్థం. "విన్నప్పుడల్లా చెయ్యెత్తు" అన్నాను. ఆమె కర్ర వదిలింది. ఆ నమ్మకానికి నాకు భయం వేసింది.

2:55. నేనూ డ్రైవరూ తెడ్లు వేశాం. రోడ్డు దాకా కిలోమీటరు పైనే. అంబులెన్స్ అక్కడుంది. 

"అప్పా!"

"ఉండా" అన్నాడు నరసింహులు.

వెనక్కి చూశాను. అంచున, గోడలేని చోట, పసుపు హెల్మెట్. చెయ్యి లేచింది.

ఆరు నిమిషాల తర్వాత చెయ్యి లేవలేదు. మా గొంతులు అక్కడికి అందడం లేదు. ఇంకోసారి అరిచాను. లేవలేదు. అప్పుడు పక్క అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి ఎవరో టవర్ వైపు తిరిగి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచారు. "ఇదారమ్మా!" కన్నడంలో, ఉన్నాడమ్మా అని. ఆ లాప్‌టాప్ ఆయనే. మొదటినుంచీ చూస్తున్నాడట. టవర్ మీద చెయ్యి లేచింది.

ఆ తర్వాత మేం అడగకుండానే బాల్కనీలు అందుకున్నాయి. ఒక ఇంట్లో కన్నడం, ఒక ఇంట్లో హిందీ, ఒక ఇంట్లో మలయాళం. నా పిలుపు, నరసింహులు జవాబు, ఇంటినుంచి ఇంటికి వెనక్కి వెళ్లాయి. రేడియో ఆపరేటర్ సెట్టు ఒళ్లో పెట్టుకుని ఆ వైనాన్ని వింటూ ఉండిపోయాడు. "ఇంత మంచి నెట్‌వర్క్ మన దగ్గర లేదు సాబ్" అన్నాడు.

3:21కి నేను పిలిచాను. నరసింహులు పలకలేదు.

మళ్లీ పిలిచాను. పెదాలు కలిశాయి, తెరుచుకున్నాయి. చప్పుడు రాలేదు. నర్సింగ్ అసిస్టెంట్ మాస్కు పెట్టి గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించడం మొదలుపెట్టాడు. బాల్కనీల్లో అందరూ నా వైపు చూస్తున్నారు. అబద్ధం చెప్పి పంపడం నా వల్ల కాదు. నిజం తెలియదు.

"మీ వేలు అతని చేతిలో పెట్టండి" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్, సంచి మీంచి చెయ్యి తీయకుండా.

తెడ్డు ఆపరేటర్‌కి ఇచ్చి వేలు పెట్టాను. "అప్పా" అన్నాను, ఈసారి మెల్లగా. నరసింహులు వేళ్లు నా వేలును నొక్కాయి. బలం లేదు, కానీ నొక్కాయి.

గొంతు చించుకుని అరిచాను. "ఉండాడప్పా! ఉండాడని చెప్పండి!"

3:38కి అంబులెన్స్ తలుపు వేశారు. రేడియోలో టవర్ దగ్గరికి ఇంకో పడవను అడిగాను. అది వచ్చేసరికి తెల్లారింది. మర్నాటి ఉదయం 7:20కి లక్ష్మీదేవిని, బిడ్డను, అత్తను తీసుకొచ్చాం. నరసింహులు రెండు రోజులు మెషీన్ మీద ఊపిరి తీసుకున్నాడు. ఐదో రోజు మాట్లాడాడు. నర్సింగ్ అసిస్టెంట్ వెళ్లి చూసొచ్చాడు. "ఏటన్నాడు?" అని నేనూ అతని యాసలోనే అడిగాను. "మన గొంతులు బాగోలేవన్నాడు" అన్నాడు. అందరం నవ్వాం. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

ఆరో రోజు సాయంత్రం డ్యూటీ ముగిసింది. రెండు రోజుల సెలవిచ్చారు. మర్నాడు పొద్దున 9:15కి దొడ్డబళ్ళాపురంలో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఎనిమిది మగ్గాలు ఆడుతున్నాయి. నాయన అవతలి చివర, నాకు వీపు పెట్టి, తెగిన పోగు కలుపుతున్నాడు.

"నాయనా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. కానీ ఎవరో చూసి ఆయన భుజం తట్టారు. ఆయన పోగు వదలకుండా, వెనక్కి తిరగకుండా, రెండో చెయ్యి పైకెత్తాడు.

నేను యూనిఫాం విడిచి నాలుగేళ్లయింది. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఆఫీసుకు ఫైర్ సేఫ్టీ చూస్తున్నాను. ఇప్పటికీ ఆ చెయ్యి నాకు కనిపిస్తుంది. గోడలేని నాలుగో అంతస్తు అంచున, పసుపు హెల్మెట్ పక్కన, ఇంటింటి నోటా దాటుకుంటూ వచ్చిన మాట చేరగానే, పైకి లేచిన చెయ్యి.