తప్పు నేలదంటాడు కుళ్లాయప్ప

ఉరవకొండలో ఎవరు ఓడిపోయినా, ఆ మనిషి ఇల్లు చేరకముందే కుళ్లాయప్ప ఆడికి చేరుకుంటాడు. ఓదార్చడానికి కాదు, ఓటమికి కారణం చెప్పడానికి. ఆ కారణం ఏదైనా కావచ్చు గానీ ఓడిన మనిషి మాత్రం కాదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆయన నోట తప్పు ఫలానా మనిషిదే అన్న మాట ఒక్కసారి కూడా వినలేదని ఆయన పెళ్లాం మల్లీశ్వరి చెప్తుంది. ఎంత అదృష్టవంతురాలివమ్మా అంటారు విన్నవాళ్లు. ఆమె నెత్తి కొట్టుకుంటుంది.

కుళ్లాయప్పది ఐసు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక ఉప్పునీళ్ల తొట్టి, అందులో వరసగా దించిన ఇనుప డబ్బాలు, అంతే. ఏడాదిలో పది నెలలు ఎండ మాడ్చే ఊళ్లో ఐసు చేసేవాడికి పనికి కొదవేముంది? సోడా బండ్లకు, చేపల బుట్టలకు, పెళ్లిళ్లకు అన్నిటికీ ఆయన గడ్డే. కానీ ఊరు ఆయన్ను గుర్తుపట్టేది ఐసుతో కాదు, చొక్కా జేబులోంచి తొంగిచూసే రసమట్టంతో. గోడ సమంగా లేస్తాందా లేదా అని మేస్త్రీలు చూసుకునే జానెడు చెక్క అది. నడుమ గాజుగొట్టం, అందులో నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. బుడగ నడుమన నిలిస్తే నేల సమం. మేస్త్రీగా బతికిన వాళ్ల నాయన పోతూపోతూ ఇచ్చిపోయిన ఆస్తి. ఎవరైనా ఓడితే చాలు, కుళ్లాయప్ప గొంతుకూర్చుని దాన్ని నేల మీద పెట్టి, గాజు మీద బొటనవేలు అడ్డంపెట్టి, ఒక కన్ను మూసి చూసి తీర్పు చెప్తాడు.

"తప్పు నీది కాదప్పా. నేలది."

తిమ్మన్న ఎద్దులు బండలాగుడు పోటీలో చతికిలబడిన దినం, తిమ్మన్న వాటిని అక్కడికక్కడే అమ్మేస్తానని భీష్మించి కూర్చున్నాడు. కుళ్లాయప్ప జనాన్ని తోసుకుంటా మైదానంలోకి పోయి, బండ లాగిన దోవ పొడుగునా ఏడుచోట్ల రసమట్టం పెట్టి చూసినాడు. తర్వాతి జత ఎద్దులు ఈయన ఎప్పుడు లేస్తాడా అని నిలబడి చూసినాయి. ఆఖరికి లేచి, మిగతా ఎద్దులన్నీ దిగుడులో లాగినాయని, తిమ్మన్నవి మాత్రం ఎగుడులో లాగినాయని తేల్చినాడు. అందరూ లాగింది ఒకే దోవ కదన్నా అని ఎవరో అడిగితే, పొద్దుటి నేల వేరు, మధ్యాహ్నం నేల వేరు అని కసురుకున్నాడు. తిమ్మన్న ఎద్దుల్ని అమ్మలేదు.

పక్కింటి త్రివేణి పదో తరగతి లెక్కల్లో తప్పితే పరీక్ష రాసిన బెంచీ వాలిందన్నాడు. రెండోసారి తప్పితే ఆ పక్క బెంచీ వాలింది. మూడోసారికి ఆ బడిలో సమంగా ఉండే బెంచీయే మిగల్లేదు. నాలుగోసారి త్రివేణి గట్టెక్కింది. ఇప్పుడా పిల్ల కళ్యాణదుర్గంలో పిల్లకాయలకు లెక్కలే చెప్తాంది, తరగతిలో బెంచీలు కదలకుండా కింద అట్టముక్కలు పెట్టిస్తుందంట.

ఇవన్నీ ఊరి కథలు. మల్లీశ్వరికి సొంతంగా ఒక కథ ఉంది. కాపురానికొచ్చిన మూడోదినం ఆమె మొదటిసారి రాగిసంగటి కెలికింది. అత్త, ఆడబిడ్డలు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు అందరూ పంక్తిలో కూర్చున్నారు. సంగటి నిండా ఉండలు. అత్త ముద్ద విరిచి నోరు తెరిచేలోగా కుళ్లాయప్ప ఎంగిలిచేత్తోనే లేచిపోయి రసమట్టాన్ని పొయ్యి మీద పెట్టినాడు. తప్పు కొత్తకోడలిది కాదు, పొయ్యిది అన్నాడు. ఆ పొయ్యి వేసింది సాక్షాత్తూ ఆయనమ్మే. తల్లీకొడుకులు ఆ మాటమీద వారంరోజులు పోట్లాడుకున్నారు, ఆ పోట్లాటలో సంగటి సంగతి అందరూ మర్చిపోయినారు. నన్ను పిచ్చోనికిచ్చి కట్టబెట్టినారే అని మల్లీశ్వరి ఆ దినమే అనుకుంది.

ఇంతవరకూ అంతా ఊరి పొలిమేరల్లో జరిగింది. ఈ చలికాలం ఆయన తీర్పు ఏకంగా లడాఖ్‌కు పోయింది.

మల్లీశ్వరి చెల్లెలు గంగక్కకు ఒక కూతురు, చౌడేశ్వరి. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ హాకీలో గోల్ కీపరు. అనంతపురంలో ఆడతాంటే ఎవరో చూసి, ఐసు హాకీకి కీపర్లు కావాలని లడాఖ్ తీసుకుపోయినారు. మంచుగడ్డ మీద, బూట్ల కింద కత్తులు కట్టుకుని ఆడే ఆట అది. బంతికి బదులు బెల్లం అచ్చంత నల్లటి రబ్బరు బిళ్ల. జీతాలిచ్చి ఆడించే లీగు, మ్యాచిలన్నీ ఒకే రింకులో, అంటే ఆరుబయట మంచు మైదానంలో. జట్టు పేరు బ్లూ యాక్స్. యాక్ అంటే జడలబర్రె అని తెలిసినాక ఊరు ఊరంతా మన బర్రెలు, మన బర్రెలు అని మొదలుపెట్టింది.

మన బర్రెలు ఏడు మ్యాచిలు ఆడి ఏడూ ఓడినాయి.

తిప్పేష్ టీ హోటల్లో పెద్ద టీవీ ఉంది. మ్యాచి ఉన్న దినం పది గంటలకల్లా ఆడ కాలు పెట్టే సందుండదు. నన్నారి షర్బత్ గ్లాసులో తప్ప ఐసు ముఖం చూడనోళ్లంతా ఐసు హాకీ పండితులైపోయినారు. ఆ జట్టుకు తిండి సరిగ్గా పెట్టడంలేదని ఒకడు, కోచికి వ్యూహం లేదని ఒకడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పంపిస్తే ఆట దానంతట అదే దారికొస్తుందని తిప్పేష్. బయటికి ఎవరూ అనకపోయినా అందరి చూపూ గోలు దగ్గర నిలబడిన ఆ ఒక్క పిల్ల మీదే ఉండేది. మ్యాచికి నాలుగు, అయిదు గోల్స్ తింటాంది మరి.

ఏడో మ్యాచి అయిపోయిన సాయంత్రం గంగక్క ఏడ్చుకుంటా అక్క ఇంటికొచ్చింది. ఆదివారం ఆఖరు మ్యాచి ఆడేసి ఇంటికొచ్చేస్తానని, ఇంక జన్మలో హాకీ కట్టె పట్టనని చౌడేశ్వరి ఫోన్ చేసిందంట. పెట్టె కూడా సర్దేసుకుందంట. తన వల్లే జట్టు మునిగిందని ఒకటే ఏడుపంట.

కుళ్లాయప్ప లేచి తిప్పేష్ హోటలుకు పోయినాడు, వెనకాలే మల్లీశ్వరి పోయింది. అయిపోయిన మ్యాచినే మళ్లా పెట్టించుకుని, రసమట్టం తీసి టీవీకి ఆనించి ఒక కన్ను మూసినాడు. హోటలంతా గొల్లుమంది. ఉరవకొండలో కూర్చుని లడాఖ్ నేల కొలుస్తాండావా అన్నా అని తిప్పేష్ పొట్ట పట్టుకున్నాడు. మల్లీశ్వరికి తల కొట్టేసినట్టయింది.

అయితే కుళ్లాయప్ప తీర్పు చెప్పలేదు. రసమట్టాన్ని జేబులో పెట్టి టీవీకి ముక్కు తగిలేదాకా వంగినాడు.

"తిప్పేషా, ఆ గోలు ముందర ఐసు చూడు. తెల్లగా ఉండాది. ఈ గోలు ముందరిది గాజు మాదిరి ఉండాది."

"ఐసు తెల్లగా ఉండక నల్లగా ఉంటాదా అన్నా?"

ఐసు గురించి ఆయన్ను ఒక ముక్క అడిగితే నూరు ముక్కలు చెప్తాడు. బోరునీళ్లు నేరుగా గడ్డకట్టిస్తే అందులోని ఉప్పు, గాలి లోపలే చిక్కుకుని గడ్డ తెల్లబడుతుంది, మెత్తగా పొడిపొడి రాలుతుంది. అదే నీళ్లు మరగకాచి పోస్తే అద్దం మాదిరి గట్టిపడుతుంది. పెళ్లిళ్లలో లోపల గులాబీలు కనపడేట్టు ఐసు హంసలు చేసిస్తాడే, వాటి రహస్యం అదే. ఆ తెల్ల ఐసు మీద కత్తుల బూట్లు దిగబడతాయి, పిల్ల పక్కకు జరగాలంటే కాలు రాదు అన్నాడు. అంటా అంటా టీవీ బల్లను అరచేత్తో చరిచినాడు. ఇన్నేళ్లలో ఆయనకు ఇట్ల కావడం మల్లీశ్వరి చూడలేదు. ఒళ్లంతా సంబరమే.

"మల్లీ, ఈసారి నిజంగానే నేలదే తప్పు," అన్నాడు.

ఈసారి నిజంగానే అంటే ఏమని ఆమె అడగబోయింది గానీ, ఆయన అప్పటికే ఫోన్ కలిపేసినాడు. చౌడేశ్వరి ముందు వినలేదు. చాల్లే పెద్దనాయనా, తప్పు నాదే అంది. ఆయన వదల్లేదు. తూర్పు గోలు ముందర పాత ఐసు గీకించి మరిగే నీళ్లు పోయించు, ఈ ఒక్కటీ చెయ్ పాపా, తర్వాత నీ ఇష్టం అన్నాడు.

తూర్పు అని ఎందుకన్నాడంటే, ఉరవకొండలో కుడి, ఎడమ అన్న మాటలకు అన్నం తినేటప్పుడు తప్ప పనిలేదు. పంటినొప్పి వస్తే డాక్టరుకు పడమటి పన్ను అని చెప్పే ఊరు అది. తిప్పేష్ టీవీ ఉత్తరం గోడకు ఉంటుంది. దాన్ని చూస్తా కూర్చుంటే కుడిచెయ్యి తూర్పు. తెల్ల ఐసు కుడిచేతి పక్క ఉంది కాబట్టి అది తూర్పు గోలు. ఇందులో అనుమానపడేదానికి ఏముందని హోటల్లో ఒక్కరికీ తోచలేదు.

ఏడు ఓటముల తర్వాత కోచి దేనికైనా సిద్ధంగా ఉన్నాడు. శనివారం సాయంత్రం జట్టు పిల్లలంతా వంటింటి పెద్దగిన్నెల్లో నీళ్లు మరిగించి మోసుకుపోయి తూర్పు గోలు ముందర పోసినారంట. ఆ కబురు తెలిసి ఉరవకొండలో టపాకాయలు కొన్నారు. ఆదివారం కుళ్లాయప్ప తిప్పేష్ హోటల్లో అందరికీ నన్నారి పోయించి, ఉతికిన చొక్కా వేసుకుని మల్లీశ్వరితో ముందు వరసలో కూర్చున్నాడు.

ఐసు హాకీ మూడు భాగాలుగా ఆడతారు, ఒక్కో భాగానికి గోలు మారతారు. మొదటి భాగంలో చౌడేశ్వరి టీవీలో కుడిచేతి గోలు దగ్గర నిలబడింది. పది నిమిషాల్లో రెండు గోల్స్ పడినాయి. కుళ్లాయప్ప లేచి టీవీ దగ్గరికి పోయినాడు. కుడిపక్క ఐసు ఎప్పటిమాదిరే తెల్లగా ఉంది. ఎడమపక్కది మాత్రం పెళ్లి హంస మాదిరి తళతళలాడతాంది.

"ఆ నీడలు చూడు తిప్పేషా," అన్నాడు మెల్లగా. "చలికాలం ఎండ దక్షిణం నుంచి వస్తాది. నీడ ఉత్తరానికి పడాల. టీవీలో నీడలు మన దిక్కే పడతాండాయి."

తిప్పేష్ కాసేపు వేళ్లు తిప్పుకుంటా లెక్కేసినాడు. అంటే కెమెరా ఉత్తరాన ఉండి దక్షిణం చూస్తాంది. అంటే కుడిచెయ్యి పడమర. వేణ్నీళ్లన్నీ మంచి ఐసు మీదనే పోసినారు.

కుళ్లాయప్ప మ్యాచి మధ్యలోనే బయటికి పోయినాడు. మల్లీశ్వరి మాత్రం కదల్లేదు. రెండో భాగంలో మన బర్రెలు ఒక గోల్ కొట్టినాయి. మూడో భాగంలో పిల్ల మళ్లా ఆ పాడు ఐసు మీదకే వచ్చింది. కింద పడింది, లేచింది, కాలు దిగబడితే మోకాళ్ల మీద పాకి మరీ బిళ్లను ఆపింది. మల్లీశ్వరి తన కుర్చీ ఎక్కి నిలబడి ఉందని ఆమెకే తెలియదు. ఒక్క గోల్ కూడా పడలేదు. అయినా రెండు, ఒకటితో ఓడినారు. టపాకాయలు అట్లనే ఉండిపోయినాయి.

మల్లీశ్వరి పోయేసరికి షెడ్డులో కుళ్లాయప్ప ఉప్పునీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాది మల్లీ," అన్నాడు.

ముప్పై అయిదేళ్లలో మొదటిసారి విన్న ఆ మాటకు మల్లీశ్వరికి భయమేసింది. ఏం చెయ్యాలో తోచక, ఆయన జేబులోంచి రసమట్టం లాగి, ఆయన మాదిరే గొంతుకూర్చుని నేల మీద పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. మూసిన కన్ను కూడా తెరిచి చూసింది. గాజుగొట్టంలో నీళ్లు లేవు, బుడగ లేదు. సన్నటి పగులు, లోపల కాస్త దుమ్ము ఉంది.

"ఏమయ్యా, ఇది ఎప్పుడెండింది?"

"మా నాయన కాలంలోనే. గోడ మీదినుంచి పడి పగిలింది. నేను బళ్లో కబడ్డీ ఓడిపోయి ఇంటికి పోకుండా దాక్కుంటే, ఇదే పట్టుకొచ్చి నేల కొలిచినాడు."

మల్లీశ్వరికి తిమ్మన్న ఎద్దులు గుర్తొచ్చినాయి, త్రివేణి బెంచీలు గుర్తొచ్చినాయి. ఉండలు కట్టిన సంగటి గుర్తొచ్చింది. పిచ్చోడా అని మురిపెంగా తిట్టబోయేలోపు ఫోన్ మోగింది.

"పెద్దనాయనా, తప్పు నీది కాదు. కెమెరాది," అంది చౌడేశ్వరి.

దిక్కు తిరగబడిన సంగతి తిప్పేష్ అప్పటికే చెప్పేసినాడంట. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. కోచి ఎనిమిది మ్యాచిల కాగితాలూ ముందరేసుకున్నాడంట. తిన్న గోల్స్‌లో నాలుగింట మూడు పడమటి గోలులోనేనంట. ఆ గోలు ముందర పారతో పొడిస్తే ఐసు రవ్వ మాదిరి రాలిందంట. వచ్చే ఏడు రింకు మొత్తం మరిగే నీళ్లతోనే కట్టిస్తారంట. కీపరుగా మళ్లా తననే రమ్మన్నారంట. సర్దిన పెట్టె విప్పేసింది, వేసవి శిక్షణ కూడా ఆడనేనంట.

మల్లీశ్వరి ఉండబట్టలేక ఫోన్ లాక్కుంది. "పాపా, మీ పెద్దనాయన రసమట్టంలో నీళ్లే లేవే."

"తెలుసు పెద్దమ్మా. ఆరో తరగతిలో నాలుగు గోల్స్ తిన్న దినం ఆయన చేతిలోంచి జారితే నేనే ఎత్తిచ్చినా."

"మరి ఇన్నేండ్లూ చెప్పలేదేమే?"

"చెప్పింటే, మరుసటి దినం ఆటకు ఎట్ల పోదును?"

ఆ సాయంత్రం మల్లీశ్వరి రాగిసంగటి కెలికింది. మనసు లడాఖ్‌లో ఉంటే సంగటి కుదురుతుందా? కుళ్లాయప్ప ముద్ద విరిచి నోట్లో పెట్టుకుని, ఒక్క నిమిషం నమలడం ఆపి, చెయ్యి జేబు దగ్గరికి పోనిచ్చినాడు. జేబు ఖాళీగా ఉంది. రసమట్టం అప్పటికే పొయ్యి మీద ఉంది. మల్లీశ్వరి దాని గాజు మీద బొటనవేలు అడ్డంపెట్టి ఒక కన్ను మూసుకుని ఉంది.

"చూసినాలే. పొయ్యి తూర్పుకు వాలింది," అంది.

కుళ్లాయప్ప ఉండలున్న ముద్దను తృప్తిగా మింగినాడు.

"తూర్పుకేనా? పడమరకేమో, ఇంకొక్కసారి చూడు మల్లీ."