వీధి మొగలో తుపాకీ

ఆయన్ని వీధిలో అందరూ బ్యాంకాయన అంటారు. మేనేజరేమో అనుకునేరు, కాదు. చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా బ్యాంకు తలుపు దగ్గర రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి. తుపాకీ ఆయన సొంతం, లైసెన్సూ ఆయన పేరు మీదే. ఉద్యోగంలో ఒక్కసారి కూడా మనిషి మీద పేల్చే అవసరం రాలేదు. వస్తే నడుం కిందికే పేల్చాలనీ, వచ్చేవాడి ముఖం కాదు, చేతులు చూడాలనీ నేర్పారు. ముఖం ఎన్ని వేషాలైనా వేస్తుంది, కత్తి మాత్రం చేతిలోనే ఉంటుంది కదా. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళిళ్ళలో చుట్టాలు పలకరిస్తే వాళ్ళ చేతుల వంక చూస్తూ "ఎవరూ?" అనేవాడు. భార్య తల కొట్టుకునేది.

ఆ భార్యకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే తనే పెంచింది. షాపుల షటర్లు బాగుచేస్తాడు కనక అందరూ వాడిని షటరు అనే పిలుస్తారు. బావను ఆటపట్టించకపోతే వాడికి అన్నం సయించదు. "ఇన్నేళ్ళు కదలకుండా నిలబడ్డావు బావా, బ్యాంకువాళ్ళు నిన్ను బల్లలు, కుర్చీల్లో కలిపేసుకున్నారేమో కనుక్కో" అనేవాడు. బ్యాంకాయన పైకి విసుక్కునేవాడు గానీ, వాడు నాలుగు రోజులు కనిపించకపోతే ఫోన్ చేసేది ఈయనే.

ఊళ్ళో అల్లర్లు మొదలైన మర్నాటికే పక్క వీధిలో ఇళ్ళు తగలబడ్డాయి. పోలీసులకు ఫోన్ చేస్తే, తలుపులేసుకుని లోపలే ఉండమన్నారు. తలుపులు కూడా కాలతాయని వాళ్ళకు ఎవరు చెప్పాలి? వీధంతా బ్యాంకాయన ఇంటి ముందుకు చేరింది. అందరికంటే ముందు బట్టల షాపాయన.

"అన్నా, ఇంట్లో తుపాకీ పెట్టుకుని మమ్మల్ని చావమంటావా? వచ్చి వీధి మొగలో కూర్చో. పేల్చక్కర్లేదు, కనిపిస్తే చాలు."

భార్య ఒంటికాలి మీద లేచింది. "ఇవాళ కనిపిస్తే చాలంటారు, రేపు పేల్చమంటారు. ఈయన చేతిలో తుపాకీ చూసి వాళ్ళు మాత్రం ఊరికే ఉంటారా? వాళ్ళూ తెచ్చుకుంటారు."

"అయితే చేతులు కట్టుకుని కూర్చుందామా వదినా? పక్క వీధిలో ముసలావిడని జుట్టు పట్టి బయటికి లాగారు. మన ఇళ్ళల్లో పిల్లలున్నారు."

ఆ మాటా కొట్టిపారేయదగ్గది కాదు. బ్యాంకాయన అప్పటికే లేచాడు. బతుకంతా తలుపు తీసి పక్కకు జరిగిన మనిషి. పెద్దమనుషులు వచ్చి అన్నా అన్నా అని మునగచెట్టెక్కిస్తే దిగడం ఆయన వల్ల అవుతుందా?

వీధికి రెండో కొస ఎలాగూ గోడే. లోపలికి దారి ఉన్న మొగకి అడ్డంగా ఇనుప మంచాలు, పాత బీరువాలు, తోపుడుబళ్ళు పేర్చి గొలుసుతో బిగించారు. దాని వెనక కుర్చీ వేసి బ్యాంకాయనను కూర్చోబెట్టారు. మర్నాడు పొద్దున్నే ఒక గుంపు కర్రలతో వచ్చింది. ఈయన లేచి తుపాకీ భుజానికి ఆనించాడు. వాళ్ళు కాసేపు బూతులు తిట్టి, రాళ్ళు రువ్వి, వెనక్కి తిరిగారు. వీధి వీధంతా ఈలలు. ఎప్పుడూ పలకరించని వాళ్ళు టీ తెచ్చి ఇచ్చారు.

ఆ ఊపులోనే బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఆ గదిలో ఒంటరిగా ఏం చేస్తావురా? ఇక్కడికి వచ్చెయ్. నేనుండగా ఈ వీధిలోకి ఈగని కూడా రానివ్వను."

"బల్లకి ప్రాణం వచ్చిందే!" అని నవ్వాడు వాడు. "సందు చూసుకుని వస్తాలే."

మధ్యాహ్నానికి గాలి తిరిగి పొగ మొగలోకి కమ్మింది. దూరంగా అరుపులు. మేడ మీద నుంచి ఎవరో "వస్తున్నారు, వస్తున్నారు!" అని కేకపెట్టారు. బట్టల షాపాయన చెవి దగ్గర "కొట్టన్నా, కొట్టు!" అంటున్నాడు. పొగలోంచి ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు. బ్యాంకాయన చేతులు చూశాడు. చేతిలో నిలువెత్తు ఇనుప కడ్డీ, కొసన వంకర కొక్కెం. నడుం కిందికి పేల్చాడు.

అది షటరు దించే కడ్డీ.

"బావా!" అన్న అరుపు విన్నాక గానీ ఆయన వాడి ముఖం చూడలేదు. తుపాకీతోనే బీరువాల మీదుగా ఎలా దూకాడో ఆయనకే తెలియదు. వాడి తొడ చీలిపోయి నెత్తురు ధారకడుతోంది. భార్య ఎటునుంచి దూరి వచ్చిందో, కొంగుతో గాయాన్ని అదిమి పట్టుకుంది. ఆసుపత్రి దగ్గరే. వీధిలో ఒకరి ఆటో ఉంది గానీ అది లోపల ఉంది, మనిషి బయట ఉన్నాడు, మధ్యలో వాళ్ళు స్వయంగా కట్టుకున్న అడ్డు.

"గొలుసు తీయండి!" అని అరిచాడు బ్యాంకాయన.

ఎవరూ కదల్లేదు. "అన్నా, ఆ అరుపులు వినబడుతున్నాయా? ఇప్పుడు తీస్తే అందరూ లోపలికి వస్తారు" అన్నాడు బట్టల షాపాయన. చెడ్డవాడేం కాదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. "ఒక్కడి కోసం వీధంతా..."

ఆ మాట పూర్తికాలేదు. రెండో గొట్టంలో తూటా ఇంకా ఉంది. బ్యాంకాయన తుపాకీ ఎత్తి బట్టల షాపాయన గుండెకి గురిపెట్టాడు. ఈసారి నడుం కిందికి కాదు.

"తీస్తావా లేదా?"

గొలుసు ఊడింది. మంచాలు పక్కకి పడ్డాయి. వీధి మొత్తం ఆయన్ని చూసిన చూపు, పొద్దున గుంపుని చూసిన చూపే. ఆటో బయటికి వచ్చాక వెనక నుంచి ఎవరో "తుపాకీ అయినా ఇచ్చి వెళ్ళు!" అని అరిచారు. ఇవ్వలేదు. ఆ రోజు ఇంకెవరూ ఆ వీధి మీదికి రాలేదు. మధ్యాహ్నం పేలిన చప్పుడుకే జడిసిపోయారని బట్టల షాపాయన ఇప్పటికీ చెబుతాడు. నిజమే కావచ్చు, కాదనడానికి నేనెవర్ని?

ఆటోలో వాడి తల బ్యాంకాయన ఒళ్ళో ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. భార్య గాయం మీంచి చెయ్యి తీయడం లేదు, భర్త వైపు చూడడం లేదు.

"ఎవడు బావా కొట్టింది? చూశావా?" అన్నాడు వాడు.

అల్లరిమూక అని ఒక్క మాట అంటే సరిపోయేది. వీధి వాళ్ళు సాక్ష్యం కూడా చెప్పేవాళ్ళు. బ్యాంకాయన వాడి వైపు వంగాడు.

"నేనేరా."

వాడు నవ్వబోయాడు, ఇదీ వేళాకోళమే అనుకుని. తర్వాత అక్క ముఖం చూశాడు. ఆవిడ ఏడుస్తోంది. ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా, కోపం కూడా లేకుండా, అర్థంకాక అడిగాడు.

"నువ్వే కదా బావా రమ్మన్నావు?"