కొత్తదైపోయిన బటన్

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో సుదీర్ఘ అన్వేషణ ఉంది, ఓడిన వీరులున్నారు, మూగబోయిన ఆయుధం ఉంది. ఆయుధమంటే అరచేయంత ప్లాస్టిక్ బటన్. వీరుల్లో నేనొకణ్ణి కాబట్టి గాథ అనడం కూడా ఎక్కువే.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జహీరాబాద్‌లో ఒక కంప్యూటర్ దుకాణంలో ఫీల్డ్ ఇంజనీర్‌గా చేరాను. ఇళ్ళకు వెళ్ళి, ప్లగ్ పెట్టారో లేదో చూసి వచ్చే హోదా అది. తర్వాత దుకాణం మూతపడింది. ఇరవై తొమ్మిదో ఏటే పదవీ విరమణ చేశాను, సన్మానమేమీ జరగలేదు.

దుకాణం ఇంకా నడుస్తున్న రోజుల్లో ఒకసారి ఝరాసంగం నుంచి మా గిరాకీ సునీత వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. సునీతకు కండరాలు క్షీణించే జబ్బు. ఆమె తల కదిలిస్తే కంప్యూటర్ మీది కెమెరా అది చూసి తెరమీద బాణాన్ని కదుపుతుంది. క్లిక్ చేయడానికి మాత్రం బొటనవేలితో ఆ బటన్ వత్తాలి. ఇంటి నుంచే ఒక కంపెనీకి బిల్లులు సరిచూసే ఉద్యోగం ఆమెది. బటన్ పనిచేయడం మానేసింది.

"సార్, జర చూడున్రి. సోమవారం లోపల పనిల కూసోకుంటె ఐడీ బంద్ చేస్తమన్నరు," అన్నాడాయన.

సామాను రిపేరుకు తీసుకుంటే బదులు సామాను ఇవ్వాలని మా నియమం. దాని పేరు స్టాండ్‌బై. మా ఓనరు నియమం తప్పని మనిషి. మామూలు మౌస్ ఒకటి పంపాడు.

"మంచిగుంది అన్నా. షోకేస్‌ల పెట్టుకుంట," అంది సునీత.

జహీరాబాద్‌లో తిరగని దుకాణం లేదు. ఒకడు, "ఇది గ్రైండర్ బటనా?" అన్నాడు. ఇంకొకడు, "రిపేర్ ఎవల్ చేస్తరన్నా ఈ కాలంల? కొత్తది కొనుమను," అన్నాడు. అది ఎక్కడ దొరుకుతుందో అతనికీ తెలియదు. చివరికి చిరాగ్‌పల్లిలో టీవీలు బాగుచేసే ఖాదర్ భాయ్ దొరికాడు. బటన్ విప్పి చూసి, వైరు తెగిందన్నాడు.

వైరు అతికించి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ ఒకసారి విప్పాక లోపల అరిగినవి కూడా మార్చేయడం మా వృత్తిలో మర్యాద. గిరాకీ అదే పనికి మళ్ళీ రాకూడదు కదా. లోపలి స్విచ్ బాగా మెత్తబడి ఉంది. ఖాదర్ భాయ్ కొత్తది వేశాడు.

"ఇనుండ్రి, టక్ టక్ అంటున్నది. కంపెనీ మాల్ లెక్క. ఫికర్ లేదు," అన్నాడు.

ఝరాసంగంలో సునీత వేలి కింద పెట్టాను. వత్తింది. మళ్ళీ వత్తింది. నుదుటి మీద చెమట పట్టింది.

"చప్పుడు మంచిగుందన్నా, నువ్వు వత్తితే. నాకే వస్తలేదు."

ఆ బటన్ ఆమె దగ్గర ఏళ్ళుగా ఉంది. వేలిలో బలం తగ్గుతున్నకొద్దీ స్విచ్ కూడా అరిగి మెత్తబడుతూ వచ్చింది. ఇద్దరూ కలిసి ముసలివాళ్ళయ్యారు. మేము ఒకరికి మాత్రం యౌవనం తెప్పించాం.

పాత మౌసుల్లోని స్విచ్‌లన్నీ పీకి వేసి చూశాం. అన్నీ ఆమె కంటే బలమైనవే. సోమవారం వాళ్ళమ్మ పక్కన కూర్చుని, సునీత "ఆఁ" అన్నప్పుడల్లా వత్తింది. ఆ వేగం కంపెనీకి చాలలేదు. వారం తిరగకముందే ఐడీ మూసేశారు, ఉద్యోగం పోయింది. సునీత వాళ్ళ నాన్న చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగాను.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏం చెడిందో చెబితే చాలదు, ఏది ముట్టుకోకూడదో కూడా చెప్పాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఆ పాత స్విచ్‌నే మళ్ళీ వేయొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. పీకినవి ఖాదర్ భాయ్ చెత్తబుట్టలో వేస్తాడు, అతని దుకాణం ముందుకు చెత్తబండి రోజూ పొద్దున్నే వస్తుంది.