మామ చేతి మీటరు

మొన్న కళ్యాణదుర్గంలో ఒక పెళ్ళికి పోయాను. ఫంక్షన్ హాలు వేదిక మీద ఒక పక్క పాత టంగ్‌స్టన్ లైట్లు, ఇంకో పక్క కొత్త ఎల్ఈడీలు. పెళ్ళికొడుకు బంగారంలా మెరిసిపోతుంటే, పక్కనున్న పెళ్ళికూతురు జ్వరంపడి లేచినట్టుంది. ఎవరికీ పట్టలేదు, అందరూ భోజనాల మీదికి పరుగెత్తుతున్నారు. నేను మాత్రం అక్షింతలు వేసిన చేతిని ఆ తెల్లటి వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాను. ఈ భయం మా మేనమామ నాకు అంటించి పోయాడు.

మామ నాటకాలకు లైట్లు కట్టేవాడు. కుందుర్పి నుంచి గుత్తి దాకా ఎక్కడ పద్యనాటకం ఆడినా ఆయన సామాన్లే. రెండు లైట్ల రంగు కలిసిందో లేదో తేల్చడానికి ఆయనకు ఒకటే పద్ధతి. అరచేతిని ఒకదాని కింద పెట్టి, వెంటనే రెండోదాని కింద పెట్టేవాడు. దాన్ని ‘నా మీటరు’ అనేవాడు. అనంతపురంలో అంగడాయన ఫోన్‌తో రంగు కొలవబోతే, “నీ ఫోను నిన్న పుట్టినాది, నా చెయ్యి నీకంటే ముందు నుంచీ లైట్ల కిందనే ఉండాదప్పా” అని నోరు మూయించాడు.

కొన్నేళ్ళ కింద, వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడాది, పాత లైట్లు తాగే కరెంటుకు జనరేటరులో డీజిలు పోయలేక, సగం తీసేసి ఎల్ఈడీలు పెట్టాలనుకున్నాడు. పంట లేక ఖాళీగా పడున్న చెనక్కాయల గోదాములో, పట్టపగలు షట్టరు దించి పరీక్షలు. సాయానికి నేను. పాత లైటు కింద ఆయన చెయ్యి బాగానే ఉండేది. ఎల్ఈడీ కింద పెట్టగానే మొహం చిట్లించేవాడు. “దీంట్లో పసుపు కార్తాండాది. కల్తీ సరుకప్పా ఇది” అంటూ తెచ్చిన ప్రతి రకాన్నీ వాపసు పంపాడు. ఈలోపల తిండి తగ్గింది. ఒళ్ళంతా గోక్కునేవాడు. గోదాములో ఉక్కపోత అనుకున్నాం. కళ్ళు అదోలా ఉంటే దుమ్మనుకున్నాం.

చివరికి ఎల్ఈడీకి ఊదారంగు జెలటిన్ కాగితం మీద కాగితం అతికించి, “కుదిరినాదిరా అల్లుడా! చూడు, రెండిట్లోనూ ఒకటే చెయ్యి” అని సంబరపడ్డాడు. నేనూ నా చెయ్యి పెట్టాను. నీళ్ళలో నానిన శవం చెయ్యిలా నీలంగా కనబడింది. మామ పడీ పడీ నవ్వాడు. “నీ చెయ్యే బాగలేదు, ఆస్పత్రికి పోరా!”

అప్పుడే అన్నం క్యారియరు తెచ్చిన అత్త మా ఇద్దరి చేతుల్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు లైట్ల సంగతి తెలియదు. షట్టరు పైకెత్తి, “ఏమప్పా, ఆ చెయ్యి ఒకసారి ఈడ ఎండలో పెట్టు” అంది. విసుక్కుంటూనే పెట్టాడు. పక్కనే నా చెయ్యి. ఎండను వాపసు పంపడానికి లేదు కదా! ఆయన అరచెయ్యి, గోళ్ళు, కళ్ళలోని తెలుపు కూడా, పూజకు తడిపిన పసుపు ముద్దలా ఉన్నాయి.

“ఎన్ని దినాలైంది ఇట్లయి?” అంది అత్త. మామ వాపసు పంపిన లైట్లను ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకోసాగాడు.

ఆస్పత్రిలో లివరు అన్నారు, ముందే రావాల్సింది అన్నారు. మళ్ళీ వాన పడేనాటికి మామ లేడు. కాలం మన చేతికి రోజూ కాస్త కాస్త రంగు పూస్తూనే ఉంటుంది. ఆ చేతినే మీటరు చేసుకున్నవాడికి తప్పెప్పుడూ లైటుదే.