అమ్మ వేలు పెట్టిన వాక్యం

పోయిన వారం నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. వీధంతా తిరిగి లడ్లు పంచింది మా నాయనే. నిరుడు ఒక మధ్యాహ్నం ఆయన మాకు దక్కడనే అనుకున్నాను.

మాది రాచర్ల దగ్గర పల్లె. కందిచేలో నాయనను నాగుపాము కరిచింది. ఇంటికి మోసుకొచ్చేసరికి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పక్కింటి మామ ఆటో తెచ్చాడు. అమ్మ అడ్డం నిలబడింది. ఏ పనికైనా ఆమె కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడుతుంది. చదువు రాదు కాబట్టి ఆ వాక్యం నేను చదివి చెప్పాలి.

ఆ రోజూ అట్లాగే వేలు పెట్టింది. దేవుణ్ణి నమ్మినవాడు పామును తొక్కుతాడనే కీర్తన అది. అబద్ధం చెప్పలేక చదివాను.

“విన్నారా? దేవుడే చెప్పినాడు. ఆస్పత్రి వద్దు, ప్రార్థన చేద్దాం,” అంది అమ్మ.

“ఏందక్కా, మనిషి పోయేట్టున్నాడు,” అన్నాడు మామ.

నాయన నోటి నుంచి నురగ కారుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, సండే స్కూల్లో విన్న సంగతి.

“అమ్మా, సాతాను యేసయ్యను గుడి మీదనుంచి దూకమన్నప్పుడు ఎత్తి చెప్పింది కూడా ఈ కీర్తనలోని మాటే. ఆయన దూకినాడా?”

అమ్మ బైబిలు మూసింది.

“దూకలేదు. దేవునికి పరీక్ష పెట్టగూడదన్నాడు,” అంది మెల్లగా. “ఆటో ఎక్కించండి.”

గిద్దలూరు దాకా ఆమె ప్రార్థన ఆపలేదు, నేను నాయన ముక్కు దగ్గరనుంచి చెయ్యి తీయలేదు. ఆస్పత్రిలో విషానికి మందెక్కించాక, తెల్లారి కళ్ళు తెరిచాడు.

ఆ వాక్యం అబద్ధం కాదు. మేమే దాన్ని తప్పుగా పట్టుకున్నాం. సండే స్కూల్ సంగతి నాకు సమయానికి గుర్తు రాకపోయి ఉంటే, మొన్న లడ్లు పంచడానికి నాయన ఉండేవాడు కాదు.