మిరప కల్లంలో వింత కూత

"చెవులు పనిచెయ్యనాయనకి పిట్టలెందుకండీ?" అని మా మాస్టారు అన్నది మూడేళ్ళ కిందట, నరసరావుపేట రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర. నాతో కాదు, నా పక్కనున్న బ్యాంకు మేడంతో అన్నారు. నాకు వినపడదని ఆయన ధీమా. ఆయనది బొంగురు గొంతు. అలాంటివి నాకు చక్కగా వినపడతాయి. నాకు పోయినవి సన్నటి శబ్దాలు మాత్రమే.

అవెలా పోయాయో కూడా చెబుతాను. ఉద్యోగమంతా పత్తి జిన్నింగు మిల్లులో చేశాను. పొద్దస్తమానం యంత్రాల హోరు, చుట్టూ కొండల్లా పత్తి. అందులోంచి చిటికెడు తీసి చెవుల్లో పెట్టుకోవయ్యా అని ఒక్క మేనేజరూ చెప్పిన పాపాన పోలేదు. రిటైరైన రోజు శాలువా కప్పి మైకులో నన్ను తెగ పొగిడారట. అదీ సరిగ్గా వినపడలేదు.

ఆ తర్వాతే పక్షుల పిచ్చి పట్టుకుంది. ఆదివారం తెల్లవారగానే చేల మీద పడి పిట్టల్ని చూసే చిన్న గుంపు ఒకటుంది గుంటూరులో. లెక్కలు చెప్పి రిటైరైన ఆ మాస్టారే దానికి పెద్ద. ఆయన ముందు నడుస్తారు. కూత విని పిట్ట పేరు చెబుతారు. అప్పుడు బ్యాంకు మేడమూ మిగతావాళ్ళూ బైనాక్యులర్లు ఎత్తుతారు. జెముడుకాకి గుప్ గుప్ మంటే నాకూ తెలుస్తుంది. తీతువు అరుపూ తెలుస్తుంది. గడ్డిలో కిచకిచలాడే చిన్న పిట్టలు మాత్రం నా వరకు మూగవే. అందరూ ఎటు తిరిగితే నేనూ అటే తిరిగేవాణ్ణి, పెళ్ళి ఫొటోలో చుట్టంలాగా.

పోయినేడు చెవి మిషన్లు కొనుక్కున్నాను. అమ్మిన కుర్రాడు, ఇంకా పెట్టుకోకముందే నేను చెవిటివాణ్ణని నిర్ణయించేసుకుని షాపు దద్దరిల్లేలా అరిచాడు. ఇంటికొస్తే మా ఆవిడ, "అమ్మయ్య, ఇహ కూర ఎలా ఉందని అడిగితే వినపడలేదని తప్పించుకోవడం కుదరదు" అంది. ఒక్కరూ శుభమా అని మాట్లాడలేదు.

ఫోనులో ఒక యాప్ కూడా పెట్టుకున్నాను. చుట్టుపక్కల శబ్దాన్ని అది గీతలుగా గీసి చూపిస్తుంది. గుర్తుపడితే పిట్ట పేరు కూడా చెబుతుంది. చెవికి అందనిది కంటికి అందుతుందన్నమాట. మొదటి రోజే నా దగ్గు విని కొంగ అని చూపించింది. అది నేను మరిచిపోలేదు. కానీ ఫోనులోంచి తీసెయ్యనూ లేదు.

ఈ ఏడు మిరప కోతలప్పుడు మాస్టారు తేల్చేశారు. మా గుంపు ఏటా చేసే పక్షుల లెక్క వచ్చే వారమే. "ఈ ఆదివారం మాకంటే ముందు మీరు ఒక్క పిట్టని కనిపెట్టండి చాలు. లేదంటే లెక్క రోజున బండి దగ్గరుండి టిఫిన్లు చూసుకుందురుగాని" అన్నారు. టిఫిన్లు చూసుకోవడానికి నేనేమన్నా వంటవాణ్ణా?

ఆ ఆదివారం ఊరవతల ఒక మిరప కల్లం పక్కగా నడుస్తున్నాం. నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు మారిన తాలు కాయలు ఏరుతున్నారు. ఘాటు గొంతులో దిగింది. ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడైనా కల్లం దగ్గర ఆలోచించకుండా చేసే పనే నేనూ చేశాను. తువ్వాలు తీసి తలకీ చెవులకీ ముక్కుకీ కలిపి బిగించి చుట్టాను.

కాసేపటికి మాస్టారు చెయ్యెత్తి ఆగిపోయారు.

"ష్! విన్నారా? సన్నగా, ఆగకుండా... ఇలాంటి కూత నా జన్మలో వినలేదు!"

"నాకూ వినపడుతోంది మాస్టారూ, ఈలలాగా" అంది బ్యాంకు మేడం.

నాకేమీ వినపడలేదు. రెండు చెవులకీ మిషన్లున్నాయి, అయినా ఏమీ లేదు. ఇహ నాకు టిఫిన్లే రాసిపెట్టి ఉన్నాయనుకున్నాను.

"మీ వైపు నుంచేనండీ! కదలకండి" అంటూ మాస్టారు మునివేళ్ళ మీద నా వెనక్కి వచ్చారు. ఆయన నా వెనక నిలబడటం అదే మొదలు. "మెల్లగా ఎడమకి జరగండి... అరె, అదీ మీతోనే జరుగుతోందే!"

కాయలేరే ఒకావిడ అటునుంచి కేకేసింది. "ఏందండీ సార్లూ, చొక్కాలో తేలు దూరిందా?"

నేను ఫోను తీసి చూశాను. తెర మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే తిన్నటి గీత. ఏ పిట్టయినా మధ్యలో ఊపిరి తీసుకోవాలి కదా! బాగా విందామని చెవి మీద తువ్వాలు తొలగించాను. గీత ఆగిపోయింది. మళ్ళీ కప్పాను. మళ్ళీ మొదలైంది. అప్పుడు అర్థమైంది. చెవి మిషన్ను గట్టిగా మూసేస్తే దాని శబ్దం దానికే తిరిగి తగిలి ఈల వేస్తుంది. ఆ ఈల ఎంత సన్నమంటే, వేసుకున్న నాకే వినపడదు.

సంగతి చెప్పగానే బ్యాంకు మేడం నవ్వు ఆపుకోలేక పక్కనున్న మిరప బస్తా మీద కూలబడింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు.

"పిట్టల్ని చూడ్డానికొచ్చి మీరే కూస్తారా? పొద్దున్నంతా పాడుచేశారు! పదండి, బండి దగ్గరికి."

"కూసింది మిషనండీ. జన్మలో వినని కూత అన్నది మీరు."

"వాదించకండి!"

వాదన నడుస్తూనే ఉంది. తువ్వాలు మెడ మీదికి జారిపోయింది. ఫోను నా చేతిలోనే ఉంది. తిన్నటి గీత పోయిన చోట ఇప్పుడేవో మెలికలు కనపడుతున్నాయి. ముగ్గు రాని పిల్ల చెయ్యెత్తకుండా గీసినట్టు కిందికీ పైకీ పోతున్నాయి. పక్కన పేరు: భరతపక్షి. మందులు ఎక్కువై ఈ చేలల్లో భరతపక్షి లేకుండా పోయిందని మాస్టారు పోయినేడే ప్రకటించారు.

నా దగ్గును కొంగ అన్న యాప్‌ని నేను ఊరికే నమ్మను. అయితే భరతపక్షి ఎగురుతూ ఆకాశంలోనే పాడుతుందని తెలుసు. కల్లం అవతల పత్తి కట్టె పీకేసిన చేను మీదుగా తలెత్తి వెతికాను. చాలా పైన ఒక చుక్క, ఉన్నచోటే రెక్కలు టపటపలాడిస్తోంది.

"అదుగో!" అని అరిచాను. మిషన్ల శబ్దం పూర్తిగా పెంచాను. మొదట గాలి. తర్వాత ఆ గాలి వెనక, ఎక్కడో దూరాన కుళాయి కింద రాగి చెంబు నిండుతున్నట్టు, తెరిపి లేకుండా ఆ పాట. కాసేపు ఎవరి మీదా కోపం రాలేదు.

మాస్టారు బైనాక్యులర్లు దించకుండా చాలాసేపు చూశారు. పాట ఆపి ఆ పిట్ట నల్లరేగడి గడ్డల మధ్యకి దిగింది.

"భరతపక్షే" అన్నారు. తర్వాత అద్దాలు తుడుచుకుంటూ, నేలవైపు చూస్తూ, "సరే, లెక్క రోజున మీరూ ముందు వరసలో నడవండి" అన్నారు.

ప్రతి అక్షరమూ వినపడింది.

"ఏంటండీ? వినపడలేదు."

"ముందు వరసలో నడవమంటున్నా!"

"గాలి, మాస్టారూ. ఇంకాస్త గట్టిగా."

"లెక్కకి మీరు ముందు వరసలో నడవండి మహానుభావా!" అని ఆయన కేక పెట్టేసరికి కల్లంలో తలలన్నీ లేచాయి.

ఇందాకటి ఆవిడే మళ్ళీ అరిచింది. "మాక్కూడా వినపడింది సారూ, నడవండి ఇహ!"

నడిచాను.